మురుగు తీయుట మన్నును బ్రతికించుటయే

పొలమునకు నీరు తెచ్చుటకై మనము పడు పాట్లు ఇంతింతయని చెప్పరానివి. ఆ నీటిని వెలికిఁ బంపుటకై పడు పాట్లు మాత్రము మిక్కిలి స్వల్పము. మాక్లూరు, ఆర్మూరు ప్రాంతముల నల్లరేగడిలో పసుపు వేయు సోదరులకు ఈ మాట విశేషముగాఁ జెల్లును. 1931లో నిజాంసాగరము పూర్తియైనది. పిదప శ్రీరామసాగరమును, బోరుబావులును వచ్చినవి. నీరు వచ్చు దారులు పెరిగినవి గాని, పోవు దారులను మనమే దున్ని పూడ్చుచున్నాము.

మన్ను జడపదార్థము కాదు. చిటికెడు మంటిలోఁ గోట్లకొలఁది సూక్ష్మజీవులు గలవు. వానిలో గాలిని పీల్చి బ్రతుకునవి పెంటయెరువును జీర్ణించి పైరునకు ఆహారముగా నొసఁగును. వాననీరు నిలిచెనా, మంటి సందులలోని ప్రాణవాయువు ఒకటి రెండు దినములలోనే హరించును. అంతట గాలి యక్కఱలేని జీవులు విజృంభించి, మనము చల్లిన యూరియానుండి యేర్పడిన నత్రితమును విఱిచి, నత్రజనిని వాయువుగా ఆకాశమునకు విడుచును. అప్పుచేసి కొన్న యెరువు ఆకును జేరక గాలిలోఁ గలియును. దుంపకుళ్లును గలిగించు పిథియమను సూక్ష్మజీవి బీజములు నిలువనీటిలో ఈఁదుచు ఒక దుంపనుండి మఱియొక దుంపకుఁ బోవును. వరి తన కాండముగుండ వేళ్లకు గాలిని దింపుకొనఁగలదు. పసుపునకు అట్టి శక్తి లేదు.

మురుగు తీసినచో సారము పోవునని కొందఱు పెద్దలందురు. అందును గొంత నిజము గలదు. ఇండోనేసియాలోని మధ్య కాలిమంతానులో వరి పండింపఁదలఁచి, 1996 మొదలు సుమారు 10 లక్షల హెక్టారుల ప్రాంతమునఁ గాలువలు త్రవ్విరి. అందు వేలయేండ్లుగా నీట మునిఁగి చివుకక నిలిచిన ఆకుమన్ను విస్తారముగా నుండెను. గాలి తగులఁగనే సూక్ష్మజీవులు దానిని దినఁజొచ్చెను, నేల క్రుంగెను, 1997లో ఎండిన మన్నే అంటుకొని తగులఁబడెను. 1999లో ఆ పథకమును విడిచిరి.

మన రేగడి అట్టి నేల కాదు. అయినను నీతి యొకటే: గాలి తగిలిన కొలఁది మంటిలోని జీవపదార్థము త్వరగాఁ దఱుగును. కావున మురుగు తీయువాఁడు ఎరువునుగూడ వేసి తీఱవలెను. మక్కచొప్పను, వరికొయ్యలను తగులఁబెట్టుట మానవలెను. 90 కిలోల చివికిన పెంటయెరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడియాఱకుండ వారము పదిదినము లుంచి చల్లినచో, దుంపకుళ్లుపై పోరాడు మేలుజాతి శిలీంధ్రము మంటిలో వృద్ధినొందును.

ఇఁక అసలు చిక్కు: ఒకని మడినుండి వెడలిన నీరు ప్రక్కవాని పసుపులోఁ బడును. పైవాఁడు గట్టు తెంచును, క్రిందివాఁడు గట్టు పోయును, మాట పంచాయితీకెక్కును. ఇది ఒంటరిగాఁ దీఱు పని కాదు. అప్పును, విత్తనమును, ఎరువును కలసి తెచ్చుకొను సంఘము మురుగుకాలువను మాత్రము ఏల కలసి త్రవ్వరాదు? మృగశిరకు ముందే సభ్యులందఱు కూడి, ఒఱ్ఱెవఱకు పోవు ఉమ్మడి కాలువకు దారి నిర్ణయించి, ఎకరముల లెక్కను కూలి పంచుకొనవలెనని మా యభిప్రాయము. పిదప ఎవరి చేనిలో వారు బోదెలు తోలి, చుట్టును కాలువ తీసి, దానిని ఉమ్మడి కాలువలోఁ గలుపవచ్చును.

కాలువకై విడిచిన రెండుమూరల నేలను నష్టముగా నెంచకుఁడు. కుళ్లిన పసుపునకు ఏ బజారులోను ధర లేదు.