హద్దు దాటిందెవరు?

మా గోపన్‌పల్లిల గోడలు లేనన్నాళ్లు నేరం లేదు. గోడ లేశినంక మేం నేరస్తులమైనం. మా తాతకు సర్కారిచ్చిన లావుణి పట్టా భూమిల ఇయ్యాల అద్దాల మేడ ఉన్నది. అండ్లనే ఉన్న మా అవ్వ బొందకు మొక్కొద్దామని పోతే గేటుకాడనే కేసు పెడ్తమన్నరు.

ఏం కేసు? 1860 నాటి శిక్షాస్మృతిల 447 సెక్షన్: మూడు నెలల దాకా జైలు, 500 దాకా జుర్మానా. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితల అది 329. జైలు అంతే, జుర్మానా 5,000 దాకా పెరిగింది. కానీ ఊకె లోపలికి పోవుడు నేరం గాదు. నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, సతాయించాలనో మనసుల పెట్టుకొని పోతేనే నేరం. అవ్వ బొంద కాడ దీపం పెట్టుడు ఎవరిని బెదిరించుడు?

మరి మా భూమిల జొరబడ్డోళ్ల సంగతేంది? లావుణి భూమి అమ్మకం చెల్లదని 1977 చట్టం. దళితుని భూమిని దళితేతరుడు అన్యాయంగ గుంజుకుంటే ఆర్నెల్ల నుంచి ఐదేండ్ల దాకా జైలని 1989 చట్టం. ఇవి మాత్రం ఠాణాల ఎవరికీ యాదికి రావు. మేం పోతే అక్రమ ప్రవేశం, వాళ్లొస్తే అభివృద్ధి. మాది క్రిమినల్, వాళ్లది సివిల్!

మీ జాలి మాకొద్దు. కేసు రాయున్రి. ముందుగాల జొరబడ్డోని పేరు ముందుగాల రాయున్రి.