ఖాళీ గడి ఖరీదు

బ్రిటన్‌లో చలికాలం ఓ పొద్దున ఏదైనా ఆఫీసు భవనం బాయిలర్ గదిలోకి వెళ్లి, బాయిలర్ అడుగున ఉండే సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని చూడండి. పొగలోని ఆవిరి నీరై జారిపోవడానికి పెట్టిన దారి అది. అందులోంచి బొట్టుబొట్టుగా నీళ్లు కారుతుంటే బాయిలర్ తన పని తాను చేస్తున్నట్టు. గొట్టం పొడిగా ఉంటే మాత్రం, అమ్మినప్పుడు చెప్పిన తొంభై శాతం సామర్థ్యం ఆ గదిలో లేనట్టే. అదే భవనానికి అనుమతి తెచ్చిపెట్టిన కంప్యూటర్ లెక్కలో మాత్రం ఏడాదంతా ఆ తొంభై శాతమే. మన అభియోగం ఈ తేడా మీదే.

సహజవాయువు మండితే పుట్టే వేడిలో దాదాపు పదో వంతు పొగలోని నీటి ఆవిరిలో దాగి ఉంటుంది. రేడియేటర్ల గుండా వెళ్లి తిరిగి బాయిలర్‌కి వచ్చే నీరు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే ఆ ఆవిరి నీరై, దాచుకున్న వేడిని వదులుతుంది. 70 డిగ్రీలతో తిరిగొచ్చిందా, ఆవిరి ఆవిరిగానే చిమ్నీ దాటిపోతుంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. ఇంగ్లాండ్, వేల్స్‌లలో కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ, ఆవిరిని నీరుగా మార్చి వేడి రాబట్టే ఈ కండెన్సింగ్ రకమే కావాలని 2005 ఏప్రిల్‌లో నిబంధన వచ్చింది. నాలుగేళ్లకు ఇళ్లలో మీటర్లు పెట్టి కొలిస్తే, ప్రయోగశాల చెప్పిన తొంభై కాస్తా ఎనభైల మధ్యలోనే ఆగిపోయింది. యంత్రం మారింది, దాన్ని నడిపే తీరు మారలేదు.

ఈ సంగతి ఆ కంప్యూటర్ లెక్కకు, అంటే సిమ్యులేషన్‌కి, తెలుసా? తెలియజెప్పేవాడుంటే తెలుస్తుంది. అమెరికా ఇంధన శాఖ 2001లో విడుదల చేసిన ఎనర్జీప్లస్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాంనే తీసుకోండి. బాయిలర్ సామర్థ్యం ఎంతో రాయడానికి అందులో ఒక గడి ఉంది. భారాన్ని, నీటి వేడిని బట్టి ఆ సామర్థ్యం ఎలా మారుతుందో చెప్పే వక్రరేఖకు ఇంకో గడి ఉంది. రెండో గడిని ఖాళీగా వదిలినా ప్రోగ్రాం మొరాయించదు. మొదటి గడిలోని అంకెనే ఏడాదిలోని 8,760 గంటలకూ అన్వయించి లెక్క తేల్చేస్తుంది. వక్రరేఖ ఇచ్చినా చిక్కు తీరదు. బాయిలర్ నుంచి బయటికెళ్లే నీటిని చూడాలా, లోపలికొచ్చే నీటిని చూడాలా అని మరో గడి అడుగుతుంది. కండెన్సింగ్ బాయిలర్ తలరాత రాసేది లోపలికొచ్చే నీరు. ఆ ఒక్క గడిలో పొరబడితే తక్కిన లెక్కంతా కాకిలెక్కే.

ఆ నీరు వేడిగా తిరిగిరావడానికి చాలాసార్లు కారణం బాయిలర్ కాదు, పంపు. ఎండ కాసిన మధ్యాహ్నం గదులకు వేడి అక్కర్లేక రేడియేటర్ల వాల్వులు మూసుకుంటాయి. పంపు కూడా వేగం తగ్గించాలి. వేగం సగానికి తగ్గితే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుందన్నది ఇంజినీరింగ్ పాఠం. కానీ పంపు పూర్తి వేగంతో తోస్తూనే ఉంటే, వేడినీరు బైపాస్ దారి పట్టి, ఏ గదినీ వెచ్చబరచకుండానే బాయిలర్‌కి తిరిగొస్తుంది. తప్పు పంపుది, జరిమానా గ్యాస్ బిల్లుకి. మోడల్‌లో ఆ వక్రరేఖ గడి ఖాళీగా ఉంటే పంపు చేసిన తప్పు బాయిలర్ దాకా చేరనే చేరదు. పైగా అక్కడ పంపుకి ‘ఇంటర్మిటెంట్’ (అవసరమైనప్పుడే నడిచేది) అని ఎంచుకుంటే చాలు, భారం లేని క్షణాన అది తనంతట తానే ఆగిపోతుంది. ఇంత బుద్ధిమంతుడైన పంపు కాగితం మీద తప్ప కనిపించదు.

అసలు భవనంలో పంపు ప్యానెల్ మీద మూడు స్థానాల స్విచ్ ఉంటుంది: హ్యాండ్, ఆఫ్, ఆటో. జనవరిలో ఒక సోమవారం పొద్దున నాలుగో అంతస్తు చల్లగా ఉందని ఫోన్ వస్తుంది. మెకానిక్ వచ్చి స్విచ్‌ని హ్యాండ్‌కి, అంటే ఆగకుండా నడిచే స్థానానికి, తిప్పి, బాయిలర్‌ని 80 డిగ్రీలకు పెంచి వెళ్తాడు. ఫిర్యాదు తీరింది. స్విచ్‌ని మళ్లీ ఆటోకి తిప్పమని మాత్రం ఎవరూ ఫోన్ చేయరు. ఏళ్లకేళ్లు అది అక్కడే ఉంటుంది. అలా ఎంచుకున్న సిమ్యులేషన్‌కి ఆటో ఒక్కటే తెలుసు.

మరి మోడల్‌ని పరీక్షించేవారు ఏం చూస్తున్నారు? హరిత భవనాలకిచ్చే లీడ్ ధ్రువపత్రానికి ఆధారమయ్యే, ఆష్రే అనే ఇంజినీర్ల సంఘం రాసిన 90.1 ప్రమాణంలో, గదులు కోరిన ఉష్ణోగ్రతకు చేరని గంటలు ఏడాదికి 300 దాటకూడదన్న నియమం ఉంది. దాన్ని పట్టుదలగా చూస్తారు. బాయిలర్‌కి తిరిగొచ్చిన నీరు ఏడాదిలో ఎన్ని గంటలు 55 డిగ్రీలు దాటిందో అంతే పట్టుదలగా ఎవరు అడుగుతున్నారు? గది వెచ్చబడిందా అన్నదే ప్రశ్న, ఎంత గ్యాస్ తగలేసి వెచ్చబడిందన్నది కాదు. బ్రిటన్‌లో 1995 నుంచి 2002 వరకు సాగిన ‘ప్రోబ్’ అధ్యయనాలు భవనాల్లోకి వెళ్లి చూసి, కంట్రోళ్ల వైఫల్యాన్ని అప్పుడే బయటపెట్టాయి. తెలియక జరిగిన తప్పంటే ఎవరు నమ్ముతారు?

అయినా 2018లో ఇంగ్లాండ్ తెచ్చిన ‘బాయిలర్ ప్లస్’ నిబంధన బయటి చలిని బట్టి నీటి వేడిని సవరించే ఏర్పాటును కాంబి బాయిలర్ల (గదులకు వేడి, కుళాయికి వేడినీరు రెండూ ఇచ్చేవి) విషయంలో నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటిగా మాత్రమే పెట్టింది. కొత్త వ్యవస్థల్ని గరిష్ఠంగా 55 డిగ్రీల నీటికి తగ్గట్టు రూపొందించాలన్న నియమం 2022 జూన్‌లో గానీ రాలేదు. అదే ఏడాది గ్యాస్ ధరలు మండిపోతుంటే, డిసెంబరులో ప్రభుత్వమే ప్రచారం మొదలుపెట్టి, మీ కాంబి బాయిలర్‌ని 60 డిగ్రీలకు తగ్గించుకోండని జనానికి చెప్పింది. బిగించిన రోజునే చేయాల్సిన పనిని, 2005 నిబంధన వచ్చిన పదిహేడేళ్లకు ఇంటివాళ్ల నెత్తిన వేసింది.

డిజైన్ దశలో కంట్రోల్ వివరాలు తేలవు కదా అని మోడలర్లు అంటారు. నిజమే. అలాంటప్పుడు ఒక్క అంకె ఎందుకు చెప్పాలి? పంపు, బాయిలర్ చక్కగా నడిస్తే ఇంత, హ్యాండ్‌లో పడి ఉంటే ఇంత అని రెండూ చెప్పవచ్చు. తేలని విషయాన్ని తేలినట్టు రాయడం లెక్క కాదు, పూచీకత్తు.

ఇదంతా చలిదేశాల గొడవని మనం తీసిపారేయలేం. ఆ మోడళ్లలో కొన్నిటిని కట్టేది హైదరాబాద్‌లో కూర్చున్న తెలుగు ఇంజినీర్లే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ తెచ్చుకున్న భవన ఇంధన పొదుపు నియమావళిలోనూ సిమ్యులేషన్ ఒక ఆమోద మార్గం. ఇక్కడ బాయిలర్‌కి బదులు చిల్లర్, వేడినీటికి బదులు చల్లనీరు. చల్లబరిచిన నీరు పని చేయకుండానే తిరిగొచ్చే జబ్బు మాత్రం అదే.

అడగాల్సినవి మూడే. పంపు, బాయిలర్ ఏ వరుసలో, ఏ షరతు మీద నడుస్తాయో మోడల్‌తోపాటు రాతపూర్వకంగా ఇవ్వాలి. తిరుగు నీటి ఉష్ణోగ్రతను ఫలితాల మొదటి పేజీలో అచ్చు వేయాలి. ఆస్ట్రేలియాలో భవనాల ఇంధన వాడకానికి నాబర్స్ పద్ధతి మీటరు చూసే మార్కులేస్తోంది. అలాగే ఏడాది నడిచాక మీటరుతో పోల్చందే తుది ధ్రువపత్రం ఇవ్వకూడదు. దాని మీద సంతకం పెట్టబోయే అధికారి ముందుగా ఒకసారి బాయిలర్ గదిలోకి దిగి, ఆ ప్లాస్టిక్ గొట్టం కింద వేలు పెట్టి చూడాలి. వేలు తడిస్తేనే సంతకం.