మబ్బు పట్టిన రోజున వీపు ఎలా కమిలింది?

ప్రశ్న: కిందటి నెల మేమంతా సూర్యలంక వెళ్ళాం. మా 14 ఏళ్ళ బాబు చొక్కా విప్పి రెండు గంటలు సముద్రంలో ఆడాడు. ఆ రోజు మబ్బుగా ఉంది, చల్లగాలి వీచింది. అయినా రాత్రికి వీపంతా వేడెక్కి, దుప్పటి తగిలినా మంటన్నాడు. మర్నాడు చిన్న చిన్న బొబ్బలు లేచాయి. "ఎండే లేదు, పైగా వాడు చామనఛాయ. ఇది ఉప్పునీటి వల్లే" అంటూ మా అత్తగారు నెయ్యి రాశారు. అసలు ఇది ఎండ వల్లేనా? ముందు ముందు ప్రమాదం ఉందా?
- ఒక సోదరి, నరసరావుపేట

జవాబు: అమ్మా, బాబు వీపు కమలడానికి కారణం ఉప్పునీరు కాదు, ఎండే. ఎండలో మనకు తెలిసే వెలుగు, వేడిమి కాక, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు కూడా ఉంటాయి. 1801లో జర్మనీలో రిట్టర్ అనే శాస్త్రజ్ఞుడు వీటిని కనిపెట్టాడు. పల్చటి మబ్బు వీటిని ఎక్కువగా ఆపలేదు. ఇసుక, నురగ కొంత తిప్పి పైకి కొడతాయి. చల్లగాలికి వేడి తెలియక పిల్లలు నీడకు రారు. అదే చిక్కు!

ఈ కిరణాలు చర్మ కణాలలోని డి.ఎన్.ఎ.ను దెబ్బ తీస్తాయి. బాగుచేయటానికి శరీరం అక్కడికి రక్తాన్ని ఎక్కువగా పంపుతుంది. అందుకే కొన్ని గంటల తర్వాత మంట మొదలై, ఒక రోజులో హెచ్చుతుంది. బాగుపడని కణాలు చచ్చి పొట్టుగా రాలుతాయి. ఆ పొట్టు పీకనివ్వకండి.

ఒక్కసారికే బెంగ పడనక్కర్లేదు. కాని పదే పదే కమిలితే, బాగుపడక మిగిలిన లోపాలు ఏళ్ళ తరబడి పోగవుతాయి. ముడతలకు, మచ్చలకు, కొన్ని చర్మ క్యాన్సర్లకు అవే మూలం. మన చర్మంలోని మెలనిన్ కొంత గొడుగు పడుతుంది కనుక తెల్లవారికన్నా మనలో ఆ క్యాన్సర్లు బాగా తక్కువ. అయితే ఆ గొడుగుకు చిల్లులున్నాయి! నల్లని చర్మంపై ఎరుపు కనిపించదు గనుక, వేడి, నొప్పి చూసి గుర్తించాలి.

మళ్ళీ ఇలా జరిగితే వెంటనే నీడకు తీసుకురండి. చల్లని నీళ్ళతో తడిపిన మెత్తని గుడ్డ పదేసి నిమిషాలు వేయండి. ఐస్ వద్దు. నెయ్యి, టూత్‌పేస్టు రాయకండి. మంచినీళ్ళు బాగా తాగించండి. నొప్పికి వయసుకు తగిన మోతాదులో పారాసెటమాల్ ఇవ్వవచ్చు, పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. బొబ్బలు చిదపకండి. బొబ్బలు ఎక్కువగా లేచినా, జ్వరం, వణుకు, వాంతులు ఉన్నా, పసిబిడ్డ అయినా డాక్టరుకు చూపించాలి.

నలుపు విరుగుతుందని నిమ్మరసం రుద్ది ఎండలోకి వెళ్ళడం కొందరికి అలవాటు. ఆ రసం మీద ఎండ పడితే బొబ్బలు లేచి, నల్ల మచ్చలు నెలల తరబడి ఉండిపోవచ్చు.

ఒక చిన్న గుర్తు చెబుతాను. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్నంతసేపూ ఎండ తీక్షణంగా ఉన్నట్లే. ఆ వేళలో నీళ్ళలో ఆడినా పిల్లల ఒంటిమీద చొక్కా ఉండనివ్వండి. మొహానికి, మెడకు ఎస్.పి.ఎఫ్. 30 ఉన్న క్రీము రాసి, రెండు గంటలకొకసారి, నీళ్ళలోంచి వచ్చాక మళ్ళీ రాయండి. ఈసారి సముద్రానికి పొద్దున్నే వెళ్ళి, ఎండ ముదరకముందే తిరిగి రండి. అత్తగారిని కూడా తీసుకువెళ్ళండి, చొక్కా విప్పనివ్వకుండా ఆమే చూసుకుంటారు!