తీగ తెగినను పని నిలువరాదు

చౌకధరల దుకాణమునందు బియ్యము తూచవలెనన్నను, కొనుగోలు కేంద్రమున రైతు ధాన్యము లెక్కకెక్కవలెనన్నను, రహదారిపై సుంకము చెల్లింపవలెనన్నను నేడొక చిన్న యంత్రము మధ్యవర్తిగా నిలిచియున్నది. చేతికందు యంత్రము చిన్నది. దాని లెక్కలుండు పెద్ద కంప్యూటరులు ఎక్కడనో దూరమున నున్నవి. వానినే జనులు క్లౌడ్ అనియు, సర్వరు అనియు పిలుచుచున్నారు. ఈ రెంటికి నడుమనున్న సంబంధము తెగినపుడు చిన్న యంత్రము ఏమి చేయవలయును? చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? లేక తన పరిమితిలోని పని తానే చేసి, సంబంధము మరల కుదిరినపుడు లెక్క అప్పగింపవలెనా? ఇది యింజనీరుల వాదముగా కనబడవచ్చును. కాని పేదవాని దినకూలియు, రైతు సొమ్మును ఈ ప్రశ్నకు మనము చెప్పు సమాధానముపైననే ఆధారపడియున్నవి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములయందు దీనికి రెండు విధములైన సమాధానములను ఏకకాలమున చూడవచ్చును. హైదరాబాదు విజయవాడల నడుమ 65వ జాతీయ రహదారిపై, సూర్యాపేటకు ముందు, కొర్లపహాడ్ టోల్‌గేటు కలదు. 2021 ఫిబ్రవరి నుండి దేశమంతట ఫాస్టాగ్ తప్పనిసరి అయినది. బండి అద్దముపై అంటించిన ట్యాగును గేటువద్ద యంత్రము చదువును. సొమ్ము చాలని ట్యాగులు, నిలిపివేయబడిన ట్యాగులు ఏవో తెలుపు జాబితా ముందుగనే గేటు కార్యాలయపు కంప్యూటరునకు చేరియుండును. అందు ఆ ట్యాగు లేకున్న గేటు తెరచుకొనును; బ్యాంకుల నడుమ లెక్క తరువాత తేలును. ఒక్కొక్క బండికొరకు బ్యాంకు అనుమతి వచ్చువరకు గేటు ఎదురుచూడదు. అంతియేకాదు. ట్యాగు సరిగానుండి గేటు యంత్రమే పనిచేయకున్నచో బండిని సుంకము లేకయే పోనీయవలయునని కేంద్రప్రభుత్వము 2018 మే నెలలోనే నియమము చేసినది. అనగా యంత్రదోషమువలని నష్టము యంత్రము పెట్టినవారిదే గాని బాటసారిది కాదు.

ఇక చౌకధరల దుకాణమును చూడుడు. సూర్యాపేట జిల్లాలోని హుజూర్‌నగర్‌లో 2025 మార్చి 30న, ఉగాదినాడు, సన్నబియ్యపు పథకము ప్రారంభమైనది. మనిషికి నెలకు 6 కిలోల బియ్యము. మంచి పథకమే. కాని ఆ బియ్యము సంచిలో పడుటకు కార్డుదారుని వేలిముద్ర ఈ-పాస్ యంత్రమునుండి ఆధార్ కేంద్రభాండారమునకు పోయి, అచ్చట పోల్చబడి, సమ్మతి తిరిగి రావలయును. సంకేతము బలహీనమైనచో దుకాణదారు “సర్వరు లేదు, రేపు రండు” అనును. బియ్యము ఎదుటనే యున్నది, మనిషి ఎదుటనే యున్నాడు, తూకము సిద్ధముగా నున్నది. అయినను పని నిలిచిపోవును. కూలి మానుకొని వచ్చినవాడు మరునాడును కూలి మానుకొనవలయును. కారులో పోవువానికి దొరకిన న్యాయము కాలినడకన వచ్చినవానికి దొరకకుండుట ఏమి న్యాయము?

ప్రభుత్వమువారికి ఈ సంగతి తెలియదని చెప్పజాలము. సంబంధలోపముచేతగాని, వేలిముద్ర కుదరకపోవుటచేతగాని ఎవరికిని రేషను నిరాకరింపరాదనియు, అట్టివారికి వేరు పద్ధతిని ఇచ్చి పుస్తకమున వ్రాయవలయుననియు 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహారశాఖ రాష్ట్రములకు ఉత్తరువు చేసినది. అయితే ఉత్తరువు కాగితముమీద ఉండి, యంత్రము మాత్రము సర్వరు నడిగినగాని కదలకున్నచో, దుకాణదారు యంత్రమునకే భయపడును గాని ఉత్తరువునకు భయపడడు. నియమము యంత్రములోనికే ప్రవేశింపవలయును.

ధాన్యపు సంగతి భూస్వాములకును చిన్నరైతులకును సమానమైనది. సాగరు ఎడమకాలువ క్రింద పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు ప్రవాహమువలె చేరుచుండును. 2025–26 వానకాలపు పంటకు ఎ గ్రేడు ధాన్యమునకు క్వింటాలు మద్దతుధర 2,389 రూపాయలు. తేమ నూటికి 17 పాళ్లు మించరాదు. కొనుగోలు కేంద్రమున తూకము, సంచుల లెక్క, రైతు ఖాతా వివరములు ట్యాబులో ఎక్కిన తరువాతనే సొమ్ము కదలును. నమోదు ఒకనాడు ఆలస్యమైన చెల్లింపును ఆలస్యమగును. కావున తూచిన క్షణముననే, సంబంధము ఉన్నను లేకున్నను, సంఖ్యయు, తేదీయు, వేళయుగల చీటి రైతు చేతిలో పడవలయును. ఆ చీటి తేదీయే చెల్లింపు గడువునకు మొదలు కావలయును.

దీనికొక ఆక్షేపణ కలదు. అది త్రోసిపుచ్చదగినది కాదు. తెలంగాణములో కార్డుదారుడు ఏ దుకాణమునుండియైనను బియ్యము తీసుకొనవచ్చును. సంబంధము లేని వేళ సూర్యాపేటలో ఒకసారి, కోదాడలో మరియొకసారి తీసుకొన్నచో పట్టుకొనుట యెట్లు? దొంగ లెక్కలు వ్రాయు దుకాణదారుని ఆపుట యెట్లు? మా సమాధానమిది. సంబంధము తెగినపుడు యంత్రమునకు సంపూర్ణాధికారము ఇయ్యనక్కరలేదు, పరిమితాధికారము చాలును. తన దుకాణమునకు చెందిన కార్డులకు మాత్రమే, ఆ నెల వాటా మాత్రమే, ముందుగా దింపియుంచిన జాబితానుబట్టి ఇయ్యవచ్చును. సంబంధము కుదిరిన వెంటనే లెక్కలు సరిచూచి, రెండుమార్లు పోయినది మరునెలలో కోసివేయవచ్చును. ఎక్కువ కాలము సంబంధము లేని దుకాణమును అధికారి స్వయముగా తనిఖీ చేయవలయును. కొందరు మోసగింతురేమోయని అందరిని వెనుకకు పంపుట పరిపాలన కాదు.

దీనికి కావలసిన సాధనములు అసాధ్యములు కావు. మొదట, యంత్రము ప్రతి లావాదేవిని తన జ్ఞాపకమున భద్రముగా వ్రాసికొని, విద్యుత్తు పోయినను చెరగకుండ నిలుపవలయును. రెండవది, ప్రతిదానికి ఒకే సంఖ్య ఇయ్యవలయును. అదే లెక్క పదిమార్లు పంపబడినను పై కంప్యూటరు ఒక్కమారే ఎక్కించుకొనును. మూడవది, బ్యాటరీయు, వేరువేరు కంపెనీల రెండు సిమ్ములును ఉండవలయును. నాలుగవది, గడియారము తప్పినచో లెక్కల క్రమమంతయు తప్పును గనుక దానిని సరిచూచు ఏర్పాటుండవలయును. ఐదవది, క్రొత్త ప్రోగ్రాము నన్ని యంత్రములకు ఒక్కసారి పంపక, కొన్నిటిలో పరీక్షించి, చెడినచో పాతదానికి తిరిగిపోవు మార్గముంచవలయును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక్క దోషపు మార్పువలన ప్రపంచమున సుమారు 85 లక్షల కంప్యూటరులు మూలబడి, విమానములు నిలిచిపోయినవి. కేంద్రము బలమైనదని నమ్మువారు 2025 అక్టోబరు 20ని కూడ జ్ఞప్తియందుంచుకొనవలయును. ఆనాడు అమెరికాలోని వర్జీనియాలో అమెజాను సంస్థవారి క్లౌడ్ దెబ్బతినగా ఎన్నో దేశములలో సేవలు స్తంభించినవి. తెగునది మన ఊరి తీగ మాత్రమే కాదు.

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. మిర్యాలగూడ మీదుగా పోవు రైలుమార్గమున స్టేషనుల నడుమ లైన్ క్లియర్ ఇచ్చు యంత్రము చెడినచో రైళ్లు శాశ్వతముగ నిలిచిపోవునా? నియమములలో వ్రాసియున్న విధముగా స్టేషను మాస్టరు కాగితముపై అనుమతి వ్రాసియిచ్చును. బండి సాగును. కాలువపై లస్కరు ప్రతి తూమునకు హైదరాబాదు నడుగడు. వంతుల పట్టిక అతనియొద్దనే యుండును. 2025 జూనులో వానకాలమును తలచి మూడునెలల బియ్యమును ఒకేసారి ఇచ్చిరి. దారులు తెగకముందే ధాన్యము ఇల్లు చేరవలెనను బుద్ధి కలిగినపుడు, తీగలు తెగకముందే లెక్క దుకాణము చేరవలెనను బుద్ధి యేల కలుగరాదు? 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట వచ్చిన వరదలో కోదాడ మునిగినది; నడిగూడెం మండలమున సాగరు ఎడమకాలువకు గండి పడినది; రహదారిపై రాకపోకలు నిలిచినవి. అట్టి దినములలోనే జనులకు బియ్యము అత్యవసరము. అట్టి దినములలోనే తీగలపై నమ్మకము తక్కువ.

కావున రాష్ట్రప్రభుత్వము చేయవలసినది స్పష్టము. సంబంధము లేనపుడు ఏ యంత్రము ఎంతవరకు పనిచేయవచ్చునో వ్రాతపూర్వకముగ నిర్ణయింపవలయును. యంత్రములు కొనునపుడు ఆ షరతును ఒప్పందమున చేర్చి, తీగ పీకి పరీక్షించి, నిలిచినదానినే తీసుకొనవలయును. ఏ దుకాణమున ఎన్ని గంటలు సంబంధము తెగినదో, ఎందరు వట్టిచేతులతో తిరిగిపోయిరో నెలనెల ప్రకటింపవలయును. సంబంధలోపమువలని నష్టము ప్రజలది కాక సంస్థదే కావలయును. స్వరాజ్యమనగా అధికారము ఢిల్లీనుండి హైదరాబాదునకు దిగివచ్చుటతో ముగియునది కాదు. ఊరి దుకాణపు బల్లవద్ద నిలిచిన మనిషికి తన హక్కు అచ్చటనే, ఆనాడే చెల్లవలయును. లెక్క తరువాత చూచుకొనవచ్చును. ఆకలి తరువాత చూచుకొనునది కాదు.