బంతి పట్టుకుంటేనే కాలేజీ సీటా?

ఈ ఆదివారం ఎస్సే ప్రాక్టీస్‌కి నేను పెట్టుకున్న టాపిక్ 'ప్రతిభ, అవకాశం'. ఇలాంటిది రాగానే మనం రాసే మొదటి పేరా మీకూ తెలుసు. మైకేల్ జోర్డాన్‌ని హైస్కూల్లో మెయిన్ టీమ్‌లోకి తీసుకోలేదు, అయినా పట్టు వదల్లేదు, చివరికి ప్రపంచం అతని కాళ్ల దగ్గరికి వచ్చింది. టెస్ట్ సిరీస్‌లో నేనే రెండుసార్లు రాశాను. ఈసారి ఆ పేరా కొట్టేశాను. ఎందుకో చెప్తాను.

అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆడే అబ్బాయిలు సుమారు 5.4 లక్షల మంది. అక్కడి కాలేజీ క్రీడలను నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. దాని పరిధిలోని జట్లకు చేరేది వీళ్లలో దాదాపు 3.5 శాతం. పై మెట్టయిన డివిజన్-1కి వెళ్లేది నూటికి ఒక్కడు. ఇక ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఏటా తీసుకునేది ప్రపంచం మొత్తం కలిపి 60 మందికి మించరు. వాళ్ల మీద జాలిపడే ముందు మన లెక్క కూడా చూసుకోండి. 2024లో సివిల్స్ ప్రిలిమ్స్ రాసినవాళ్లు 5,83,213 మంది, చివరికి ఎంపికైనవాళ్లు 1,009. నూటికి ఒక్కడు కూడా కాదు, వెయ్యికి ఇద్దరు లోపే. జోర్డాన్ కథ చెప్పేవాళ్లు మనకు లవం చూపించి హారం దాచేస్తారు.

ఆ 5.4 లక్షల మందీ ఎన్‌బీఏ కలలే కంటున్నారని నేనూ అనుకునేవాణ్ని. కొంచెం చదివాక తెలిసింది, చాలా ఇళ్లల్లో అసలు లెక్క కాలేజీ ఫీజు. పూర్తి స్కాలర్‌షిప్ దొరికితే ఫీజు, హాస్టల్, తిండి, పుస్తకాలు అన్నీ వస్తాయి. అది అన్నిచోట్లా ఉండదు. డివిజన్-3 కాలేజీలు ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు. హార్వర్డ్, యేల్ ఉన్న ఐవీ లీగ్ కూడా ఇవ్వదు. కాబట్టి పేదింటి పిల్లాడికి ఆట ఒక రకం ఎంట్రన్స్ పరీక్ష. సిలబస్ ఉండదు, కటాఫ్ ఎంతో ఎవరూ చెప్పరు, మోకాలు దెబ్బతింటే అక్కడితో అటెంప్టులు అయిపోయినట్టే.

వీలైతే 1994లో వచ్చిన 'హూప్ డ్రీమ్స్' డాక్యుమెంటరీ చూడండి. దాదాపు మూడు గంటలుంటుంది, అయినా ప్రిపరేషన్‌లో ఆ టైమ్ వృథా కాదు. చికాగోలోని పేద బస్తీల నుంచి ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు, విలియం గేట్స్, ఆర్థర్ ఏజీ. బాగా ఆడుతున్నారని శివార్లలోని ఒక ప్రైవేటు స్కూల్ ఇద్దర్నీ పాక్షిక స్కాలర్‌షిప్ మీద తీసుకుంటుంది. రోజూ తెల్లవారకముందే లేచి రానూ పోనూ గంటల ప్రయాణం. గేట్స్ మిగతా ఫీజు కట్టడానికి ఒక దాత ముందుకొస్తారు. ఏజీకి ఎవరూ రారు. ఫీజు పెరుగుతుంది, ఇంట్లో నాన్న ఉద్యోగం పోతుంది, చదువు మధ్యలో ఏజీ ఆ స్కూల్ వదిలి మామూలు ప్రభుత్వ స్కూల్లో చేరాల్సి వస్తుంది. పాత బకాయి తీరేదాకా అతని మార్కుల రికార్డు ఇవ్వమని మొదటి స్కూల్ ఆపేస్తుంది.

ఆ సీన్ దగ్గర నేను వీడియో ఆపేసి కాసేపు గదిలో ఊరికే కూర్చున్నాను. మనలో చాలామందికి అర్థమవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదని మా ఇంజినీరింగ్ కాలేజీ కూడా నా సర్టిఫికెట్లు ఆపింది. మా నాన్న వడ్డీకి తెచ్చి కట్టాక గానీ ఇవ్వలేదు. చికాగో ఎక్కడ, ఖమ్మం జిల్లాలో మా ఊరెక్కడ!

గేట్స్‌కి మోకాలు దెబ్బతింటుంది, ఆపరేషన్లు జరుగుతాయి, అయినా మార్క్వెట్ యూనివర్సిటీలో సీటు వస్తుంది. ఏజీ ముందు ఒక జూనియర్ కాలేజీకి, అక్కడి నుంచి ఆర్కాన్సాస్ స్టేట్‌కి వెళ్తాడు. ఇద్దరిలో ఎవరూ ఎన్‌బీఏ ఆడలేదు. వాళ్లు ఓడిపోయారని మాత్రం నేను రాయలేను, ఇద్దరూ కాలేజీ చూశారు. నన్ను ఇబ్బంది పెట్టేది వేరే ప్రశ్న. బంతి పట్టుకోవడం రాని వాళ్ల పక్కింటి కుర్రాడి సంగతేంటి? చదువుకోవడానికి ఆరున్నర అడుగుల ఎత్తు ఎందుకు కావాలి? ఈ పద్ధతిని సామాజిక న్యాయానికి మంచి ఉదాహరణగా మన నోట్స్‌లో రాసుకుంటున్నాం. నా దృష్టిలో కాలేజీ ఫీజు అందుబాటులో లేని సమాజం తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి పెట్టుకున్న లాటరీ ఇది.

ఇప్పుడు మీకు కోపం వచ్చే విషయం ఒకటి చెప్తాను. కోవిడ్ వల్ల నష్టపోయామని, ఒక అదనపు అటెంప్ట్ ఇవ్వమని మన సీనియర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 ఫిబ్రవరిలో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. అశోక్‌నగర్‌లో ఇప్పటికీ ఆ బాధ చెప్పుకునేవాళ్లు ఉన్నారు. అదే సమయంలో ఎన్‌సీఏఏ తన ఆటగాళ్లకు అడిగింది ఇచ్చింది, ఇంకో ఏడాది ఆడుకోమంది. దానికితోడు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారే నిబంధనలు కూడా 2021 నుంచి సడలించింది. ఫలితం ఏమైంది? ఒక్కో జట్టులో స్కాలర్‌షిప్పులు అప్పట్లో పదమూడే. సీట్లు పెరగలేదు, లైనులో నిలబడేవాళ్లు పెరిగారు. కోచ్ స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? ఇంకో కాలేజీలో మూడేళ్లు ఆడి తేలిన ఇరవై రెండేళ్లవాణ్ని తీసుకుంటారా, ఇంకా మీసం రాని పదిహేడేళ్లవాణ్నా? ఆ ఏడాది స్కూల్ దాటిన పిల్లలు ఏ తప్పూ చేయకుండానే వెనక్కి పోయారు.

అదనపు అటెంప్ట్ వద్దని నేననడం లేదు. కానీ పోస్టులు పెంచకుండా అటెంప్టులు పెంచితే ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో ఎథిక్స్ పేపర్ రాసే మనకైనా కనపడాలి కదా. 2021లో ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకునే హక్కు కూడా వచ్చింది. అది న్యాయమే, చాలా ఆలస్యంగా వచ్చిన న్యాయం. అయితే ఆ డబ్బు కూడా ఎక్కువగా ఇప్పటికే పేరున్నవాడి వైపే వెళ్తుంది.

ఆ వ్యవస్థలో నాకు నచ్చిందీ ఒకటుంది. డివిజన్-1లో ఆడాలంటే హైస్కూల్లో పదహారు ముఖ్యమైన కోర్సులు పాసవ్వాలి, వాటిలో సగటు గ్రేడ్ కనీసం 2.3 ఉండాలి. ఎంత గొప్ప ఆటగాడైనా ఇంగ్లిష్, లెక్కలు తప్పించుకోలేడు. మన పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్ భామరా గుర్తున్నాడా? ఏడడుగుల రెండంగుళాల ఎత్తు, చిన్న పల్లెటూరు, 2010లో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి స్కాలర్‌షిప్ మీద వెళ్లాడు. చదువు అర్హతలు అందక కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడలేకపోయాడు. నేరుగా 2015 డ్రాఫ్ట్‌కి వెళ్లి 52వ స్థానంలో డల్లాస్‌కి ఎంపికయ్యాడు. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. అయినా ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నాలుగేళ్ల కాలేజీ దొరికి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం, కనీసం చేతిలో ఒక డిగ్రీ ఉండేది.

మొన్న ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ అడిగింది, "ఈసారి కూడా రాకపోతే ఏం చేస్తావు నాన్నా?" అని. నాకిది మూడో అటెంప్ట్. సివిల్ ఇంజినీరింగ్ పూర్తయి నాలుగేళ్లయింది, సైట్‌లో ఒక్కరోజు పనిచేసిన అనుభవం లేదు. ఆటగాడి దగ్గర కూడా పదహారు కోర్సులు అడుగుతున్నారు, నా దగ్గర అమ్మ తప్ప ఎవరూ ఏమీ అడగలేదు. అప్పుడు జవాబు చెప్పలేక చార్జింగ్ అయిపోతోందని ఫోన్ పెట్టేశాను. సోమవారం నుంచి సాయంత్రాలు ఒక చిన్న స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసుకి వెళ్తున్నాను. జీతం తక్కువ, ఆన్సర్ రైటింగ్ ఉదయానికి మార్చుకున్నాను. అమ్మకి ఇంకా చెప్పలేదు, మొదటి నెల డబ్బులు పంపేటప్పుడు చెప్తాను.