జరిమానాయా, బాకీయా?

ఇంగ్లండులో అంగళ్ల ముందటి స్థలమున కారు నిలిపి, గడువు దాటిన పిమ్మట తీయువారికి కొలది దినములలో ఒక తాఖీదు చేరును. మన జిల్లాలనుండి చదువులకును ఉద్యోగములకును వెళ్లినవారు దానిని సర్కారు జరిమానాగా భ్రమించుట వింతగాదు. దాని రూపమే యట్టిది. వాస్తవమునకు అది ప్రైవేటు స్థలమును కనిపెట్టు కంపెనీ తనకు బాకీ యున్నదని అడుగు చీటి మాత్రమే. అచ్చటి బోర్డును చూచి కారు నిలిపినవాడు దానిలోని షరతులకు ఒడంబడినట్లు న్యాయము భావించును. ఆ ఒడంబడికను మీరినందులకే యీ సొమ్ము.

2013 ఏప్రిలులో చెల్మ్స్‌ఫర్డు పట్టణమున ఒక వాహనదారు రెండు గంటల ఉచిత గడువునకు మించి 56 నిమిషములు కారును నిలిపెను. పార్కింగ్ ఐ కంపెనీ 85 పౌండ్లు కోరినది. 14 దినములలో చెల్లించినచో 50 చాలునన్నది. ఆ కంపెనీ స్థలమునకు యజమాని కాదు. యజమానికి వారమునకు 1,000 పౌండ్లు తానే చెల్లించి, గడువు దాటినవారినుండి వచ్చు సొమ్మును తానుంచుకొనుచుండెను. ఆ 56 నిమిషముల వలన దానికి దమ్మిడీ నష్టము లేదు. నష్టము లేనిచోట పరిహారమేమి, ఇది శిక్షయే గదా యని వాహనదారు సుప్రీం కోర్టువరకు వాదించెను. 2015 నవంబరు 4వ తేదీన ఏడుగురు న్యాయమూర్తులలో ఆరుగురు కంపెనీ పక్షమున తీర్పు చెప్పిరి. స్థలము అందరికిని అందునట్లు చూచుటయు, ఆ యేర్పాటునకగు ఖర్చును రాబట్టుటయు న్యాయమైన ప్రయోజనములే యనియు, 85 పౌండ్లు మితిమీరిన మొత్తము కాదనియు వారి యభిప్రాయము. లార్డు టౌల్సన్ ఒక్కరే విభేదించిరి. ఆలస్యమునకు గల కారణమునకు గాని, స్వల్పమైన జాప్యమునకు గాని చోటీయని షరతు అన్యాయమని వారనిరి. మా మనస్సు ఆ యొక్కరితోనే యున్నది.

ఇందొక విచిత్రము. ఇంగ్లీషువారు 1872లో మనకు చేసియిచ్చిన ఒడంబడికల చట్టము, 74వ సెక్షను క్రింద, పత్రమున ఎంత మొత్తము వ్రాసికొన్నను, దానికి లోబడి సమంజసమైన పరిహారమునే ఇప్పింపవలెనని చెప్పుచున్నది. తమ యింట మాత్రము వారు వేరు త్రోవ త్రొక్కిరి!

అయినను వాహనదారు నిస్సహాయుడు కాడు. 2012 నాటి చట్టము ఇంగ్లండు, వేల్సులలో ప్రైవేటు స్థలములందు చక్రములకు ఇనుప బేడీలు తగిలించుటను నిషేధించినది. ఆ చట్టమే, కారు నడిపినవారెవరో తెలియనిచో రిజిస్టరులో పేరున్నవారిని బాధ్యులను చేయుచున్నది. కాని కారుపై చీటి అంటింపక కెమెరాతోనే పట్టుకొన్నచో, నిలిపిన మరునాటినుండి 14 దినములలో నోటీసు వారికి చేరవలెను. చేరనిచో ఆ బాధ్యత నిలువదు. ముందు కంపెనీకి, అది త్రోసిపుచ్చినచో స్వతంత్ర అప్పీలు సంస్థకు మొరపెట్టుకొనవచ్చును. వసూలుదార్ల జాబులకు బెదరనక్కరలేదు గాని, కోర్టు కాగితము వచ్చినప్పుడు ఊరకుండరాదు. జవాబీయనిచో తీర్పు ఏకపక్షముగా వెలువడును. నెలలోపల చెల్లింపనిచో ఆ తీర్పు ఆరేండ్లు రిజిస్టరునందు నిలిచి, అప్పు పుట్టుటకు అడ్డుపడును.

ఈ రక్షణములు చాలవు. రుసుము పుచ్చుకొని వాహనదారుల పేర్లను, చిరునామాలను కంపెనీలకు అందించునది ప్రభుత్వ శాఖయే. కంపెనీలను అదుపున నుంచు భారమును దానిదే. పార్లమెంటు ఇందులకై 2019లో చట్టము చేసినది. ప్రభుత్వము 2022 ఫిబ్రవరిలో నియమావళిని ప్రకటించి, పెక్కుచోట్ల మొత్తమును 50 పౌండ్లకు దింపనెంచి, కంపెనీలు కోర్టు కెక్కగా జూనులో ఉపసంహరించుకొన్నది. 2024లో కంపెనీల సంఘములు తమ నియమావళిని తామే వ్రాసికొన్నవి. 2025 జూలైలో ప్రభుత్వము మరల ప్రజాభిప్రాయమును కోరినది. అచ్చట చట్టబద్ధముగా నివసించు భారతీయునకు పార్లమెంటు ఎన్నికలలో వోటు కలదు. దానిని నమోదు చేసికొని, ఆ నియమావళి సంగతి యేమని తమ సభ్యుని అడుగుటకు మనవారు సంకోచింప నక్కరలేదు.