రుతువిరతి వేళ నిద్రలేమి: ఓర్చుకోవలసిన బాధ కాదు

"వయసు మీద పడుతున్నది, నిద్ర తగ్గడం సహజమే" అని నలభై అయిదు దాటిన స్త్రీకి ఇంట్లోవారు చెబుతారు, ఇరుగుపొరుగు చెబుతారు, ఒక్కొక్కప్పుడు వైద్యులూ చెబుతారు. ఈ మాటలో సగమే నిజం ఉన్నది. ఆ సగం నిజమే ఎందరినో చికిత్సకు దూరం చేస్తున్నదని నా అభిప్రాయం.

వరుసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే రుతువిరతి, అంటే మెనోపాజ్, వచ్చినట్లు. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్లకే వస్తుంది. అంతకు కొన్నేళ్ల ముందునుంచే ఈస్ట్రోజెన్ హార్మోను హెచ్చుతగ్గులకు లోనవుతుంది. అప్పుడు శరీర ఉష్ణోగ్రతను అదుపు చేసే మెదడులోని కేంద్రం కొద్దిపాటి వేడికే అతిగా స్పందిస్తుంది. అర్ధరాత్రి ఒంట్లో ఆవిర్లు, చెమటలు, మెలకువ దాని ఫలితమే. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తీసివేయించుకున్నవారికి ఈ మార్పు ఒక్కసారిగా వచ్చిపడుతుంది. తెలుగు రాష్ట్రాలలో గర్భసంచి శస్త్రచికిత్సలు ఎక్కువ. ముప్పై అయిదేళ్లకే ఈ బాధ పడుతున్న స్త్రీకి "వయసు" అని ఎలా సమాధానం చెబుతాము?

కనుక ముందుగా కారణం వెతకాలి. గట్టి గురక, ఊపిరి అందక మెలకువ రావడం, పగటి మగత ఉంటే స్లీప్ ఆప్నియాను అనుమానించాలి. పడుకోగానే కాళ్లు కదపాలనిపిస్తే ఇనుము లోపం ఉన్నదేమో చూడాలి. గుండెదడ ఉంటే థైరాయిడ్, దేనిమీదా ఆసక్తి లేకపోతే మానసిక కుంగుబాటు సంగతి వైద్యునితో చర్చించాలి.

మందుల దుకాణంలో చీటీ లేకుండా ఆల్ప్రజోలమ్ కొనుక్కోవడం పరిష్కారం కాదు. అది అలవాటుగా మారుతుంది, తూలి పడేలా చేస్తుంది. ఎముకలు పలచబడే ఈ వయసులో ఒక్కసారి పడినా ప్రమాదమే. అయితే ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు హఠాత్తుగా మానకండి. వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించండి.

రోజూ ఒకే వేళకు లేవండి. మధ్యాహ్నం తరువాత కాఫీ, టీ మానండి. సాయంత్రం నాలుగు గంటలకు తాగిన కాఫీ ప్రభావం రాత్రి తొమ్మిదికీ చాలావరకు మిగిలే ఉంటుంది. పలుచని నూలు దుస్తులు ధరించండి. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర వచ్చినప్పుడే తిరిగి పడుకోండి. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రలకన్నా ముందు సూచించే ప్రవర్తనా చికిత్సలో ఇదీ ఒక భాగమే. ఆవిర్లు తీవ్రంగా ఉంటే హార్మోను చికిత్స గురించి అడగండి. అరవై ఏళ్ల లోపు, రుతువిరతి వచ్చి పదేళ్లు దాటనివారిలో చాలామందికి దానివల్ల కీడుకన్నా మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్, రక్తనాళాలలో గడ్డలు వచ్చినవారికి మాత్రం అది తగదు.

చివరగా ఇంట్లోవారికి ఒక మాట. అందరికన్నా చివర పడుకుని, అందరికన్నా ముందు లేచే మనిషికి "బాగా నిద్రపో" అని చెప్పి ప్రయోజనం లేదు. రాత్రి గిన్నెలు, తెల్లవారి పాలు, పిల్లల క్యారియర్లు తలా ఒకటి పంచుకోండి. ఏ వైద్యుడూ చీటీ మీద రాయలేని మందు అది.